జ్వరం తగ్గింది, గుండె ఇంకా తేరుకోలేదు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లె. మా తమ్ముడికి 27 ఏళ్లు. కొబ్బరికాయల వ్యాపారం చేస్తాడు. మనుషులు దొరక్కపోతే తనే చెట్టెక్కి దింపు తీస్తాడు, లారీకి లోడు ఎత్తుతాడు. దసరా ముందు నాలుగైదు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చి తగ్గాయి. తర్వాత వారానికి గుండెల్లో నొప్పి అంటూ కూలబడ్డాడు. ఈసీజీ తేడాగా ఉందని, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్షలో ఎక్కువగా ఉందని, గుండెపోటేమోనని కాకినాడ పంపారు. అక్కడ యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయన్నారు. గుండె కండరానికి వాపు వచ్చిందని, మయోకార్డైటిస్ అంటారని చెప్పారు. ఇంటికొచ్చాక దడ మొదలైంది. 24 గంటలూ ఈసీజీ రాసే హోల్టర్ మిషన్ పెట్టి చూసి, ‘ఎక్టోపిక్స్ ఉన్నాయి, ఒకసారి వరసగా ఏడు కొట్టింది’ అన్నారు. మెటోప్రొలాల్ మాత్ర రాశారు. గుండె ఎమ్మారై చేయించమన్నారు, మచ్చ కనిపిస్తే ఛాతీలో ఏదో మిషన్ పెట్టాల్సి రావచ్చన్నారు. ఆరు నెలలు బరువు పనులు, ఆటలు వద్దన్నారు. వాడేమో నీరసంగా ఉందని నెల నుంచి మాత్ర మానేశాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు గ్యాస్ అని బిళ్లలు ఇస్తున్నారు. కనుమ నాడు ప్రభ (వెదురుతో ఎత్తుగా కట్టి, అలంకరించి, భుజాల మీద ఊరేగించేది) ఎత్తి తీరతానంటున్నాడు. మా మేనత్తకు కూడా ఎన్నో ఏళ్లుగా వాల్వు జబ్బు, గుండె దడ. ఇది మా వంశంలో ఉందా? మాఘమాసంలో వాడికి సంబంధం ఖాయం చేయాలనుకుంటున్నాం. అవతలివాళ్లకు చెప్పాలా?
– ఒక అక్క, కోనసీమ జిల్లా

సమాధానం: అమ్మా, మీరు అడిగినవాటన్నిటికీ చెబుతాను. రెండు మాటలు మాత్రం ముందు చెప్పాలి. మీ తమ్ముడు మాత్ర మానేసిన సంగతి కాకినాడలో చూసిన డాక్టరు గారికి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. నెల రోజులు ఆపాడు కాబట్టి మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టించొద్దు. నాడి, బీపీ చూసి ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో ఆయన చెబుతారు. రెండోది, ఈ కనుమకు ప్రభ ఎత్తడం వద్దు. ఎందుకో అర్థమైతే అతనే ఆగుతాడని నా నమ్మకం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, అతని చేతికే ఇచ్చి చదివించండి.

యాంజియోగ్రామ్‌లో కనిపించేది గుండెకు రక్తం తెచ్చే నాళాలు. అవి శుభ్రంగా ఉన్నాయంటే పూడుకుపోయిన నాళం వల్ల వచ్చిన గుండెపోటు కాదని తేలింది, అంతవరకే. మీ తమ్ముడికి దెబ్బ తగిలింది కండరానికి. ఫ్లూ, కోవిడ్, డెంగీ, కాక్సాకీ లాంటి వైరస్ జ్వరాల్లో కొద్దిమందికి ఆ ప్రభావం గుండె కండరం దాకా పోతుంది. క్రిమిని తరమడానికి వచ్చిన మన ఒంట్లోని రక్షణ కణాలే ఆ పోరులో కండరాన్ని కూడా గాయపరుస్తాయి. జ్వరం తగ్గి హమ్మయ్య అనుకున్న వారం పది రోజులకు గుండె నొప్పి రావడం అందుకే. వానాకాలం నీళ్లలో తిరిగేవాళ్లకు వచ్చే ఎలుక జ్వరం, పొదల్లో నల్లిలాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా గుండెను ఇలా దెబ్బతీయగలవు. డెల్టాలో ఉంటాం కాబట్టి ఆ రెండు పరీక్షలూ అప్పట్లో చేశారా అని ఒకసారి డిశ్చార్జి కాగితాల్లో చూడండి. ఏ క్రిమి అన్నది చాలామందిలో చివరికి తేలదు. తేలలేదని బెంగ పెట్టుకోనక్కర్లేదు.

ఇక దడ సంగతి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ పై గదిలో ఒకచోట చిన్న కరెంటు పుడుతుంది. మధ్యలో ఒక గేటు దగ్గర క్షణం ఆగి, కింది గదుల్లోకి దిగి కండరమంతా పాకుతుంది. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు పెద్ద కాలువలోంచి పిల్లకాలువల్లోకి, అక్కడినుంచి బోదెల్లోకి దిగి చేలన్నీ తడిపినట్టు అనుకోండి. కండరం వాచిందంటే బోదెల్లో పూడిక పడ్డట్టే. ఒకచోట కరెంటు నెమ్మదిస్తుంది, ఇంకోచోట గండి పడి తనంతట తానే పొంగుతుంది. అలా తనంతట తాను వచ్చిన అదనపు దెబ్బే ఎక్టోపిక్. వాపు మానేటప్పుడు కండరంలో మచ్చ మిగిలితే అది ఏటి మధ్య లంకలాంటిది. కరెంటు దాని చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి సుడి పడుతుంది. సుడి తిరిగినంతసేపూ గుండె తన మామూలు లయ వదిలేసి ఆ వేగంతోనే కొట్టుకుంటుంది. దీన్ని వెంట్రిక్యులర్ టాకికార్డియా అంటారు, డాక్టర్ల నోట వీటీ. పూడిక ఆ మధ్య గేటు దగ్గరే పడితే ఇందుకు భిన్నంగా నాడి బాగా నెమ్మదించిపోతుంది. అది హార్ట్ బ్లాక్.

మనిషి గుండె రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. అందులో అక్కడక్కడ ఎక్టోపిక్స్ ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి. కానీ కింది గదుల నుంచి మూడు అంతకంటే ఎక్కువ వరసగా, వేగంగా వస్తే దాన్ని వీటీ కిందే లెక్కిస్తారు. మీ తమ్ముడికి ఏడు వచ్చి దానంతట అదే ఆగింది. ముప్ఫై సెకన్లలోపు ఆగిపోయేవాటిని చిన్న వీటీ అనుకోవచ్చు. భయంతో వణకాల్సిన పని లేదు కానీ, మూడు నెలల కిందట వాచిన గుండెలో కనిపించింది కాబట్టి తేలిగ్గా తీసేయడానికి వీల్లేదు. డాక్టరు గారు బరువు పనులు వద్దన్నది ఆ ఏడు దెబ్బలు చూసే అయ్యుంటుంది.

గ్యాస్ మాటకు వద్దాం. దడ, గుండెల్లో బరువు, ఆయాసం అనగానే మన ఇళ్లలో ముందు వచ్చే మాట గ్యాసే. నిజంగా కడుపుబ్బరం ఉన్నా దడ అనిపించవచ్చు, ఆర్‌ఎంపీ గారిని తప్పు పట్టను. ఆయన దగ్గర హోల్టర్ కాగితం లేదు, మీ దగ్గర ఉంది. అది తీసుకెళ్లి చూపించండి. ముఖ్యంగా ఆయన ఇస్తున్న బిళ్ల పేరు చూడండి. గ్యాస్‌కు ఇచ్చే మాత్రల్లో పాంటాప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ కలిపినవి చాలా ఉంటాయి. డోంపెరిడోన్ కొందరిలో గుండె లయనే దెబ్బతీయగలదు. లయ సరిగా లేని మనిషికి డాక్టరును అడక్కుండా వేయకూడని మందు అది. అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకునే అలవాటు మన పల్లెల్లో బాగా ఉంది. కండరం వాపు ఉన్నవాళ్లకు అలాంటి నొప్పి మందులు మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. జ్వరమొస్తే పారాసిటమాల్ చాలు. జలుబుకు దుకాణంలో దొరికే, ముక్కు దిబ్బడ తగ్గించే మాత్రలు గుండె వేగం పెంచుతాయి, అవీ వద్దు. పండగ మూడు రోజులూ మందు, కల్లు ముట్టకుండా చూడండి. విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి ఎక్టోపిక్స్ ఎక్కువవుతాయి. అప్పుడు ఓఆర్ఎస్ తాగిస్తూనే డాక్టరుకు చెప్పాలి.

మాత్ర వల్ల నీరసం అన్నాడే, అది అబద్ధం కాదు. మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, మొదటి వారాల్లో ఒళ్లు బరువుగా ఉంటుంది, మెట్లెక్కితే కాళ్లు లాగుతాయి. 27 ఏళ్ల కుర్రాడు, నిన్నటిదాకా కొబ్బరిచెట్టు ఎక్కి దిగినవాడు, ఇలా అయిపోయానేమిటని లోపల కుమిలిపోతుంటాడు. అది ఎవరైనా అడిగితే కదా చెప్పుకునేది. మోతాదు తగ్గించవచ్చు, వేసుకునే వేళ మార్చవచ్చు, అదే కోవకు చెందిన వేరే మందు ఇవ్వవచ్చు. ఇన్ని దారులున్నాయి. చెప్పకుండా ఒక్కసారిగా మానేస్తే మాత్రం అప్పటిదాకా అణిగి ఉన్న వేగం ఎగదన్నుకొస్తుంది. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ‘వేసుకుంటున్నాను’ అని మొహమాటానికి చెప్పొద్దనండి. మానేశానని చెబితే ఆయన తిట్టరు, తిట్టినా నష్టం లేదు.

ఇక ప్రభ. కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం అంటే కోనసీమ కుర్రాళ్లకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ నీళ్లు దాటి ఒడ్డెక్కే ఆ కాసేపు చూడటానికే జనం గట్ల మీద నిలబడతారు. మీ ఊరి ప్రభ ఏ దారిన వెళ్లినా మోసేవాళ్లకు పడే శ్రమ ఒకటే. భుజం మీద పెద్ద బరువు, కాళ్లకింద బురద, చుట్టూ అరుపులు, ఉత్సాహం, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున లాగడం. ఇవన్నీ ఒంట్లో అడ్రినలిన్‌ను పెంచేవే. మానుతున్న గుండెలో సుడిని లేపేది కూడా ఆ అడ్రినలినే. 1970లో కాక్సాకీ వైరస్ ఎక్కించిన చిట్టెలుకలను నీళ్లలో ఈదించి ఒక ప్రయోగం చేశారు. కదలకుండా ఉంచిన ఎలుకల కంటే ఈదించినవాటి గుండెల్లో వైరస్ ఎన్నో రెట్లు పెరిగింది, చనిపోయినవీ ఎక్కువే. మనుషుల్లోనూ ఆటలాడుతూ హఠాత్తుగా కుప్పకూలిన యువకులను పరిశీలించినప్పుడు కొందరిలో మయోకార్డైటిస్ బయటపడింది. ఈ జబ్బు వచ్చినవాళ్లను మూడు నుంచి ఆరు నెలలు కఠిన శ్రమకు దూరంగా ఉంచాలని గుండె వైద్యులు చెబుతున్నది ఇందుకే. మీ తమ్ముడికి వీటీ కూడా కనిపించింది కాబట్టి ఆరు నెలలన్నారు. సంక్రాంతికి ఇంకా మూడు నెలలే అవుతుంది.

ప్రభ కట్టే దగ్గర కూర్చోబెట్టండి. వెదురు పని, గుడ్డలు చుట్టడం, అలంకరణ అతని చేత చేయించమని ఊళ్లో పెద్దలకు ముందే చెప్పండి. ‘వీడు రావట్లేదేం’ అని స్నేహితులు నలుగురిలో ఎత్తిపొడిస్తే ఆగలేక భుజం పెట్టేస్తాడు. ఆ నలుగురికీ ముందే విషయం తెలియాలి. ఆ పని అక్కగా మీరు చేయండి.

చెట్టెక్కడం గురించి ప్రభ కంటే గట్టిగా చెబుతున్నాను. ప్రభ కింద చుట్టూ మనుషులుంటారు. కొబ్బరిచెట్టు మొవ్వు దగ్గర ఐదారు సెకన్లు కళ్లు బైర్లు కమ్మితే పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. దింపు మాట డాక్టరు రాతపూర్వకంగా సరేననేదాకా ఎత్తొద్దు. కాలువలో ఒంటరిగా ఈత, రాత్రిపూట ఒంటరిగా బండి మీద దూరాలు కూడా ప్రస్తుతానికి ఆపండి. వ్యాపారం ఆపక్కర్లేదు. లెక్కలు, బేరాలు, ఫోన్లు, కూర్చుని చేసే పని హాయిగా చేసుకోవచ్చు. చదును నేల మీద మాట్లాడుకుంటూ నడిచే నడక మంచిదే, ఎంతసేపన్నది డాక్టరును అడగండి. ఆరు నెలలయ్యాక కూడా తారీఖు వచ్చింది కదా అని మొదలుపెట్టేయకూడదు. గుండె స్కాన్ ఎకోలో పంపింగ్ మామూలుగా ఉండాలి, ట్రోపోనిన్ దిగిపోయి ఉండాలి, హోల్టర్‌లోనూ ట్రెడ్‌మిల్ మీద నడిపించినప్పుడూ వీటీ కనిపించకూడదు. ఇవన్నీ సరిపోతే అప్పుడు నెమ్మదిగా.

దడ వచ్చినప్పుడు ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. బొటనవేలి కింద మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి నిమిషం నిండా నాడి లెక్కపెట్టండి. ఎంత ఉంది, సమంగా ఉందా తప్పుతోందా, అప్పుడేం చేస్తున్నాడు అన్నది తేదీతో రాసుకోండి. దడ ఉండగానే దగ్గర్లో ఈసీజీ మిషన్ ఎక్కడుంటే అక్కడ ఒక ఈసీజీ తీయించగలిగితే, దడ తగ్గాక తీసిన పది ఈసీజీల కంటే ఆ ఒక్క కాగితం ఎక్కువ చెబుతుంది. అయితే కొన్ని లక్షణాలకు ఈసీజీ కోసం తిరగకూడదు. స్పృహ తప్పడం, తప్పబోయినట్టు కళ్లు చీకట్లు కమ్మడం, దడతో పాటు చెమటలు, ఛాతీ నొప్పి, ఆయాసం, కొన్ని నిమిషాలైనా ఆగని వేగం, తల తిరుగుతూ నాడి 40 లోపుకి పడిపోవడం. వీటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చేసి, గుండె డాక్టరున్న ఆసుపత్రికే వెళ్లాలి. వీటన్నిటిలో నేను ఎక్కువగా భయపడేది స్పృహ తప్పడానికి. పొద్దున్న ఏమీ తినలేదు, ఎండ దెబ్బ, ఎవరి దిష్టో అని సర్దిచెప్పుకోవద్దు. లేచి కూర్చుని నవ్వుతున్నా సరే, తీసుకెళ్లండి.

మనిషి పడిపోయి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగా తీసుకోకపోతే అంబులెన్స్ వచ్చేదాకా ఊరికే చూస్తూ ఉండకండి. నోట్లో నీళ్లు పోయొద్దు. ఛాతీ మధ్యలో ఎముక మీద అరచేతి మడమ పెట్టి, రెండో చేయి పైన వేసి, ఐదారు సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. మీరు, మీ అమ్మగారు, పక్కింటి కుర్రాడు, ముగ్గురూ నేర్చుకోండి. అరగంట పని.

ఎమ్మారైని వాయిదా వేయకండి. గుండె ఎమ్మారై విశాఖ, విజయవాడ, హైదరాబాద్‌లలో చేస్తారు. వాపు ఇంకా ఉందా, మచ్చ మిగిలిందా, ఎంత మేర అన్నది అందులో కనిపిస్తుంది. రంగు మందు ఎక్కిస్తారు కాబట్టి ముందు కిడ్నీ పరీక్ష చేస్తారు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు తీసుకెళ్లి, ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలో ఉండే వైద్యమిత్రను అడగండి. ఛాతీలో పెట్టే ఆ మిషన్ పేరు ఐసీడీ. ప్రమాదకరమైన వీటీ వచ్చినప్పుడు లోపలి నుంచే షాక్ ఇచ్చి లయను సరిచేస్తుంది. మయోకార్డైటిస్‌లో వాపు తాజాగా ఉన్నప్పుడు తొందరపడి పెట్టేయరు, చాలామంది గుండెలు నెలల్లో కోలుకుంటాయి కాబట్టి ఆగి చూస్తారు. మచ్చ కనిపించినంత మాత్రాన మిషన్ తప్పదని కూడా కాదు. మచ్చ ఎంత, పంపింగ్ ఎలా ఉంది, వీటీ మళ్లీ వస్తోందా అన్నీ కలిపి నిర్ణయిస్తారు.

ఇంకొక్క సంగతి డాక్టరుతో మాట్లాడండి. నెలలు గడిచినా వీటీ తగ్గకపోతే, లేదా నాడి నెమ్మదిస్తే, వైరస్ కాక వేరే వాపు జబ్బు ఉందేమో వెతకాలి. సార్కాయిడోసిస్ అనే జబ్బు, మన దేశంలో క్షయ కూడా, గుండె కండరంలో చిన్న చిన్న గడ్డలు కట్టి ఇలాగే లయ తప్పిస్తాయి. కారణం తెలియని వీటీతో వచ్చినవారిలో ఛాతీలో లింఫు గ్రంథులు వాచి బిళ్ల కట్టి ఉండటాన్ని గమనించి, వాటిని పరీక్షిస్తే కొందరిలో క్షయ, కొందరిలో సార్కాయిడోసిస్ తేలిందని హైదరాబాద్ వైద్యులు 2011లో ప్రచురించారు. వీటికి స్టెరాయిడ్లు, క్షయ మందులు ఉన్నాయి. కనిపెడితే లయ కుదుటపడే అవకాశం ఉంది. మీ తమ్ముడికి అది ఉందని నేననడం లేదు. దడ తగ్గకపోతే అక్కడితో ఆగిపోవద్దంటున్నాను.

మీ మేనత్తగారిది మీరు రాసినదాన్ని బట్టి వేరే దారిలో వచ్చిన జబ్బు అనిపిస్తోంది. చిన్నప్పుడు గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకోకస్ క్రిమి, రెండు మూడు వారాల తర్వాత కీళ్లవాతం జ్వరాన్ని, దాంతో పాటు గుండె వాపును తెస్తుంది. కొన్నేళ్లకు వాల్వు బిగుసుకుపోతుంది, పై గది సాగుతుంది, అక్కడ కరెంటు చెల్లాచెదరై నాడి ఏ లెక్కా లేకుండా కొట్టుకుంటుంది. దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అందులో భయమల్లా ఆ గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోయి పక్షవాతం రావడం. ఆమె రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారా, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష క్రమంగా చేయిస్తున్నారా అని తప్పకుండా అడగండి. కొత్తగా వచ్చిన, పరీక్ష అక్కర్లేని మాత్రలకు మార్చమని ఎవరైనా సలహా ఇస్తే, ఇలాంటి వాల్వు జబ్బులో పాత రకం మాత్రే మేలని 2022లో పెద్ద అధ్యయనంలో తేలిందని గుర్తుంచుకోండి. ఆ మాత్ర వేసుకుంటున్నారని గోంగూర, తోటకూర, మునగాకు మానేయక్కర్లేదు. ఒక వారం అసలు మానేసి, ఇంకో వారం రోజూ తినడం కాకుండా, ఎప్పుడూ ఒకే తీరులో తింటే చాలు.

కాబట్టి వంశపారంపర్యం అని ఈ రెంటినీ ముడిపెట్టనక్కర్లేదు. కానీ మీ దగ్గరి బంధువుల్లో 40 ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా పోయినా, మాటిమాటికీ స్పృహ తప్పుతున్నా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. వంశంలో వచ్చే కొన్ని కండర జబ్బులు మొదట మయోకార్డైటిస్ రూపంలోనే బయటపడతాయి.

పెళ్లి మాటకు వస్తే, చెప్పండి. రోజూ మాత్ర వేసుకునే మనిషితో కాపురం చేయబోయే అమ్మాయికి ఆ మాత్ర ఎందుకో తెలియాలి, పడిపోతే ఏం చేయాలో కూడా తెలియాలి. దాచి చేస్తే అతను మాత్ర కూడా దాచుకునే వేసుకోవాలి, నాలుగు రోజులకు మానేస్తాడు. మాఘమాసమే కావాలని లేదు కదా. ఎమ్మారై, ఆరు నెలల పరీక్షలు అయ్యాక, ఆ కాగితాలు చూపించి మాట్లాడుకుంటే మీకూ ధైర్యం, వాళ్లకూ ధైర్యం. పూర్తిగా కోలుకుని మామూలు జీవితం గడిపేవాళ్లే ఎక్కువమంది ఈ జబ్బులో. ఆ మాట కూడా వాళ్లకు చెప్పండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, మొదటి రోజు ఈసీజీ, ఎకో, హోల్టర్ రిపోర్టు, మీరు రాసిన నాడి లెక్కలు, ఆర్‌ఎంపీ గారు ఇచ్చిన బిళ్లల ఖాళీ అట్టలు అన్నీ ఒకే కవర్లో పెట్టుకోండి. పండగకు ముందే వెళ్లండి.